మెథడ్ ఆబ్జెక్ట్‌గా మారిన వైనం

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫలానా పేరున్న మెథడ్‌ను (ఒక పనిని నిర్వచించే కోడ్‌ను) ఇమ్మని ఒక క్లాస్‌ను (ఒకే రకం ఆబ్జెక్టులకు నమూనాను) రెండుసార్లు అడిగితే రెండు వేర్వేరు ఆబ్జెక్టులు, అంటే డేటానూ దానిపై చేసే పనులనూ కలిపి ఉంచే వస్తువులు, చేతికొస్తాయి. విలువల ప్రకారం పోలిస్తే అవి సమానమే కానీ రెండూ ఒకటి కావు. స్మాల్‌టాక్ అనే భాషలో ఇదే పని చేస్తే రెండుసార్లూ ఒకే ఆబ్జెక్ట్ వస్తుంది. పైకి అల్పంగా కనిపించే ఈ తేడా వెనుక దశాబ్దాలుగా తెగని ప్రశ్న ఒకటి ఉంది. నడుస్తున్న ప్రోగ్రాము తన మెథడ్‌ను ఆబ్జెక్ట్‌గా పట్టుకున్నప్పుడు దాని చేతిలో ఉన్నది ఆ మెథడేనా, లేక ఆ మెథడ్‌ను గురించిన వివరణ మాత్రమేనా? ఇంట్రోస్పెక్షన్ (ప్రోగ్రాము తన నిర్మాణాన్ని తానే పరిశీలించుకోవటం) నెమ్మదిగా ఉంటుందని, గోప్యతకు గండి కొడుతుందని నేడు వినిపించే ఫిర్యాదులను తవ్వుకుంటూ పోతే చాలావరకు ఈ ప్రశ్న దగ్గరికే చేరుకుంటాం.

క్లాస్ అనే భావనకు తొలి రూపమిచ్చిన సిమ్యులా 67లో ఈ ప్రశ్నకు చోటే లేదు. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యొహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ తీర్చిదిద్దిన ఆ భాషలో క్లాస్ నిర్మాణం కంపైలర్ (రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చే పనిముట్టు) చూసుకోవలసిన సంగతి. ప్రోగ్రాము నడుస్తూ దాన్ని ఆరా తీసే వీలు లేదు. అంతకుముందే, 1950ల చివర జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్‌లో ప్రోగ్రాము కూడా జాబితాల రూపంలో ఉండే డేటాయే కాబట్టి ఫంక్షన్‌ను విప్పి చూడటం అక్కడ వింత కాదు. ఈ రెండు పాయలూ జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో, ఆలన్ కే ఆలోచనలోనూ డాన్ ఇంగల్స్ అమలులోనూ కలిశాయి.

స్మాల్‌టాక్-80లో ప్రతి క్లాస్‌కూ ఒక మెథడ్ నిఘంటువు ఉంటుంది. మెథడ్ పేరు అందులో పదం అయితే, దానికి అర్థంగా ఉండేది కంపైల్డ్‌మెథడ్ అనే క్లాస్‌కు చెందిన ఆబ్జెక్ట్. బైట్‌కోడ్ (భాషా వ్యవస్థ నడిపే సంక్షిప్త ఆదేశాలు), ఆ కోడ్ వాడుకునే స్థిర విలువలు, మూల పాఠం ఫైల్లో ఎక్కడుందో చెప్పే ఆనవాలు అన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. ఫలానా మెథడ్‌ను ఎవరెవరు పిలుస్తున్నారని స్మాల్‌టాక్ బ్రౌజర్‌ను అడిగితే, అది ఈ ఆబ్జెక్టుల్లోని స్థిర విలువలను వెతికి జవాబు చెబుతుంది; అందుకోసం విడిగా ఏ సూచికా అవసరం లేదు. నిఘంటువులో ఒక ఆబ్జెక్ట్ స్థానంలో మరొకదాన్ని ఉంచితే ఆ క్షణం నుంచే ప్రోగ్రాము ప్రవర్తన మారుతుంది. అప్పటికే నడుస్తున్న పిలుపు మాత్రం తన దగ్గరున్న పాత ఆబ్జెక్ట్‌తోనే పని ముగించుకుంటుంది. ఇక్కడ వర్ణన వేరు, వస్తువు వేరు కాదు. ఈ సౌలభ్యం ఉచితంగా ఏమీ రాలేదు: ఇతర ఆబ్జెక్టులన్నీ పాయింటర్లనో (వేరే ఆబ్జెక్టులు ఎక్కడున్నాయో చూపే సూచనలనో) ఒట్టి బైట్లనో దాచుకుంటే, కంపైల్డ్‌మెథడ్ ఒక్కటే రెండింటినీ కలిపి దాచుకునే మినహాయింపు. అంతా ఆబ్జెక్టే అని చాటిన వ్యవస్థ తన గుండెకాయ దగ్గర రాజీ పడవలసి వచ్చిందన్నమాట.

దీనికి సిద్ధాంత రూపం తరువాత వచ్చింది. 1982లో ఎంఐటీలో బ్రయాన్ కాంట్‌వెల్ స్మిత్ తన పరిశోధన గ్రంథంలో, తన నడకను తానే చూసుకుని మార్చుకోగల లిస్ప్‌ను ప్రతిపాదించారు. 1987లో పాటీ మాస్ ఆ ఆలోచనను ఆబ్జెక్టుల లోకానికి తెచ్చి, వ్యవస్థ తన గురించి దాచుకున్న చిత్రానికీ అసలు నడకకూ మధ్య విడదీయరాని కార్యకారణ బంధం ఉండాలని వాదించారు. కామన్ లిస్ప్ ఆబ్జెక్ట్ వ్యవస్థ మరో దిశలో వెళ్లింది. అక్కడ మెథడ్ క్లాస్‌కు కాక జెనెరిక్ ఫంక్షన్‌కు, అంటే ఒకే పేరున్న మెథడ్లను కూర్చి తగినదాన్ని ఎంచుకునే ఫంక్షన్‌కు, చెందుతుంది. మెథడ్ ఆబ్జెక్ట్‌ను అడిగితే తాను ఏయే క్లాసుల ఆర్గ్యుమెంట్ల (పిలిచేటప్పుడు అందించే విలువల) కోసం ఉద్దేశించినదో చెబుతుంది.

జావా వచ్చేసరికి అవసరమే మారిపోయింది. 1997లో వెలువడిన జావా పనిముట్ల సంచి అయిన జేడీకే 1.1లో రిఫ్లెక్షన్ (ప్రోగ్రాము తన నిర్మాణాన్ని నడుస్తూనే ఆరా తీసే సౌకర్యం) ప్యాకేజీ చేరడానికి ప్రధాన కారణాల్లో ఒకటి జావాబీన్స్ అనే కాంపొనెంట్ (తిరిగి వాడుకోగల ప్రోగ్రాము భాగం) పద్ధతి: మునుపెన్నడూ చూడని కాంపొనెంట్‌ను ఒక డిజైన్ పనిముట్టు తెరిచి, గెట్, సెట్ అనే పేర్లతో మొదలయ్యే మెథడ్లను బట్టి దాని లక్షణాలను కనిపెట్టాలి. అందుకు వివరణ చాలు. కాబట్టి జావా మెథడ్ ఆబ్జెక్ట్‌లో పేరు, పారామీటర్ల టైపులు, తిరిగివచ్చే టైపు ఉంటాయి గానీ కోడ్ ఉండదు. దాన్ని పిలవవచ్చు, లోపలికి తొంగిచూడటం, మార్చటం కుదరదు. ప్రైవేట్ మెథడ్‌ను పిలిచేందుకు అనుమతి నిబంధనను సడలించే సౌకర్యం కూడా తరువాత ఆ ఆబ్జెక్ట్‌కే అంటుకుంది. ఒకరు సడలించిన నిబంధన మరొకరికి వర్తించకూడదు గనుక అడిగిన ప్రతిసారీ కొత్త నకలు ఇవ్వక తప్పదు. మొదట చెప్పిన వింతకు కారణం ఇదే.

నకలు ద్వారా పిలవటం ఖరీదైన వ్యవహారం. ఆర్గ్యుమెంట్లను అర్రేలో (విలువల వరుసలో) సర్దాలి, అంకెలను ఆబ్జెక్టుల్లో చుట్టాలి, అనుమతిని పిలుపు పిలుపుకూ సరిచూడాలి. దీన్ని తగ్గించేందుకు జావా 1.4 ఒక ఉపాయం పన్నింది: తొలి 15 పిలుపులను నేటివ్ కోడ్ (యంత్రం నేరుగా నడిపే కోడ్) ద్వారా జరిపి, ఆపైన ఆ మెథడ్ కోసమే ప్రత్యేకంగా బైట్‌కోడ్ పుట్టించేది. 2011లో జావా 7తో మెథడ్ హ్యాండిళ్లు, అంటే మెథడ్‌ను నేరుగా పిలిచేందుకు వాడే పట్టులు, వచ్చాయి. వీటిలో అనుమతి పరీక్ష హ్యాండిల్ సంపాదించేటప్పుడే ఒకసారి జరుగుతుంది. చివరికి 2022లో జావా 18, పాత రిఫ్లెక్షన్ పిలుపులనే మెథడ్ హ్యాండిళ్ల పునాదిపై తిరిగి కట్టింది. వివరణ కోసం పుట్టిన ఆబ్జెక్ట్‌ను పనిమంతురాలిగా మార్చడానికి పాతికేళ్లు పట్టిందనడం అతిశయోక్తి కాదు.

పైథాన్, రూబీ భాషల్లో చర్చ మరో అంశం చుట్టూ తిరిగింది: మెథడ్ ఆబ్జెక్ట్ తన వెంట గ్రహీతను, అంటే ఏ ఆబ్జెక్ట్‌పై పనిచేయాలో దాన్ని, మోసుకురావాలా? రూబీ గ్రహీత ఉన్నదానికీ లేనిదానికీ రెండు క్లాసులు పెట్టి, ఒక మెథడ్‌ను గ్రహీత నుంచి విడదీసి అదే క్లాస్‌కు చెందిన మరో ఆబ్జెక్ట్‌కు ముడివేయనిస్తుంది. పైథాన్ 2లో ముడిపడని మెథడ్‌కు ప్రత్యేక రూపం ఉండేది. 2008లో వచ్చిన పైథాన్ 3 దాన్ని తీసేసి మామూలు ఫంక్షన్‌నే మిగిల్చింది. ముడిపడిన రూపం మాత్రం మెథడ్‌ను పేరుతో అందుకున్న ప్రతిసారీ కొత్తగా పుడుతుంది.

వివరణనూ వస్తువునూ బాహాటంగా వేరు చేయాలన్న వాదన 2004లో గిలాద్ బ్రాఖా, డేవిడ్ ఉంగర్ రాసిన పత్రంలో స్పష్టమైన రూపం తీసుకుంది. ఆబ్జెక్ట్‌ను దాని గురించే అడిగే బదులు, అందుకోసం నియమించిన అద్దాన్ని అడగాలన్నది వారి మాట. సెల్ఫ్ భాషలో ఈ పద్ధతి అప్పటికే ఉంది. అద్దం విడిగా ఉంటే అవసరం లేనిచోట దాన్ని పూర్తిగా తొలగించవచ్చు, అందరికీ ఇవ్వకుండానూ ఉండవచ్చు. ప్రతి ఆబ్జెక్ట్ నుంచీ క్లాస్‌కూ, అక్కడి నుంచి మెథడ్లకూ దారి తెరిచి పెట్టిన జావా, 2017లో మాడ్యూళ్లు (బయటికి ఏది కనిపించాలో నిర్ణయించే కోడ్ విభాగాలు) తెచ్చి, 2021లో తన అంతర్గత ప్యాకేజీలను గట్టిగా మూసి, ఆ దారిని కుదించుకోవలసి వచ్చింది.

వాడనిదానికి ఖర్చు కట్టకూడదన్న నియమానికి కట్టుబడిన సీ ప్లస్ ప్లస్ అన్నిటికంటే ఆలస్యంగా ఈ చర్చలోకి దిగింది. 1998 ప్రమాణంలో టైపు పేరును మించి తెలుసుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. 2025 జూన్‌లో సోఫియా సమావేశంలో ప్రమాణ సంఘం సీ ప్లస్ ప్లస్ 26 కోసం రిఫ్లెక్షన్‌ను ఆమోదించింది. అందులో మెంబర్ ఫంక్షన్‌ను సూచించేది కంపైల్ అయ్యేటప్పుడు మాత్రమే ఉండే ఒక విలువ. ప్రోగ్రాము నడక మొదలుపెట్టే సమయానికి, దాని సాయంతో పుట్టిన కోడ్ తప్ప ఆ విలువ మిగలదు.