బిల్లు ఎవరు కట్టారు? ఉత్తమ రెస్టారెంట్ల జాబితాల చుట్టూ పాత పేచీ

'ప్రపంచంలోని 50 ఉత్తమ రెస్టారెంట్లు' అనే జాబితా ఏటా వెలువడుతుంది. వెలువడిన రాత్రే తగువు మొదలవుతుంది. ఫలానా దేశం నుంచి ఒక్కటీ లేదేమిటి, ఆడవాళ్లు నడిపే వంటగదులు ఇంత తక్కువేమిటి, నిరుడు మూడో స్థానంలో ఉన్నది ఈ ఏడు పదకొండుకు ఎందుకు జారింది? ఏటా ఇవే ప్రశ్నలు, ఇంచుమించు అవే జవాబులు. రుచి మీద తగువులా కనిపించే ఈ వ్యవహారంలో రుచి ప్రస్తావన చాలా తక్కువ. తీర్పు చెప్పింది ఎవరు, అక్కడ నిజంగా తిన్నారా, తింటే ఆ డబ్బు ఎవరిది? గొడవంతా ఈ మూడింటి చుట్టే తిరుగుతుంది. దీని వయసు రెండు వందల ఏళ్ల పైమాటే.

మొదటి చిక్కుముడి విప్లవం తర్వాతి పారిస్ లోనే పడింది. చేతిలో కొత్తగా డబ్బు చేరినవాళ్లకు ఎక్కడ తినాలో, ఏ కొట్లో ఏది కొనాలో చెప్పేవాళ్లు కావలసి వచ్చారు. గ్రిమో ద లా రేనియేర్ అనే న్యాయవాది ఆ పని తలకెత్తుకున్నాడు. అంతకుముందు నాటక సమీక్షలు రాసిన మనిషి, నాలుకకు పదునెక్కువ. 1803లో ఆయన 'అల్మనాక్ దే గుర్మాన్' మొదటి సంపుటం తెచ్చాడు. పేటపేటకూ తిరిగి ఏ దుకాణం మంచిది, ఏ వంటగాడి చేయి తిరిగింది అని రాసుకుంటూ పోయాడు. రుచి చూసి తీర్పు చెప్పే ఒక మండలిని కూడా ఏర్పాటు చేశాడు. వ్యాపారులు తమ సరుకు పంపిస్తే, మండలి కూర్చుని తిని, అభిప్రాయం అచ్చు వేయించేది. పంపినవాళ్లు డబ్బు అడగరు, తిన్నవాళ్లు ఇవ్వరు. పక్షపాతం చూపుతున్నాడనే నింద రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఎనిమిది సంపుటాల తర్వాత, 1812తో ఆ ప్రచురణ ఆగిపోయింది. ఇప్పటి జాబితాల మీద వినిపించే ఆరోపణల్లో సగం అప్పటికే గ్రిమో మీద మోపినవే.

తరువాతి శతాబ్దంలో ఈ పని టైర్లు అమ్మే అన్నదమ్ముల చేతికి వచ్చింది. 1900లో ఆంద్రే, ఎదువార్ మిషెలిన్ కారు ప్రయాణికుల కోసం తమ మార్గదర్శిని తెచ్చేనాటికి ఫ్రాన్సులో మూడు వేల కార్లు కూడా లేవు. అయినా దాదాపు 35 వేల ప్రతులు అచ్చువేసి ఉచితంగా పంచారు. కారు ఎంత తిరిగితే టైరు అంత అరుగుతుందన్న లెక్క తప్ప అందులో వేరే ధర్మచింతన లేదు. 1920 నుంచి పుస్తకానికి ధర పెట్టారు. 1926లో మంచి భోజనానికి నక్షత్రం గుర్తు మొదలైంది. 1931లో ఒకటి, రెండు, మూడు నక్షత్రాల అంతస్తులు ఏర్పడ్డాయి, 1936లో వాటి అర్థాలను ప్రకటించారు. రెండు నక్షత్రాలంటే దారి మళ్లి వెళ్లదగినది, మూడంటే అందుకోసమే ప్రయాణం కట్టదగినది. పేరు చెప్పని తనిఖీదారు వస్తాడు, తింటాడు, మిషెలిన్ డబ్బుతో బిల్లు కడతాడు, వెళ్లిపోతాడు. బిల్లు ప్రశ్నకు అంత సూటి జవాబు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. అయితే ఆ నక్షత్రం ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో మాత్రం వివరంగా చెప్పేవారు కాదు. 2004లో పాస్కల్ రెమీ అనే మాజీ తనిఖీదారు పుస్తకం రాసి, అన్ని రెస్టారెంట్లనూ ఏటా చూసేంత సిబ్బంది అక్కడ లేరని బయటపెట్టాడు. సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే బెల్జియంలో ఇంకా తలుపులు తెరవని ఒక రెస్టారెంటును మార్గదర్శినిలో మెచ్చుకున్న సంగతి బయటపడి, ఆ ప్రతులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మూడు నక్షత్రాలున్న వాటిలో ఏది గొప్పది అని అడిగితే మిషెలిన్ చెప్పదు. అది శ్రేణులు కడుతుంది, వరుస కట్టదు. నా దృష్టిలో ఆ సంస్థ చేసిన తెలివైన పని ఇదే. వరుస కట్టే ఉబలాటం పత్రికలది.

అమెరికాలో 1957లో న్యూయార్క్ టైమ్స్ ఆహార విభాగానికి సంపాదకుడైన క్రెయిగ్ క్లైబోర్న్, సమీక్షకుడు పేరు దాచుకుని, ఒకటికి రెండుసార్లు వెళ్లి, పత్రిక డబ్బుతో తినాలనే పద్ధతిని స్థిరపరిచాడు. పెద్ద పత్రికలకు ఆ ఖర్చు భరించే స్తోమత ఉన్నంతకాలం అది నడిచింది. ఫ్రాన్సులో ఆంరీ గో, క్రిస్తియాన్ మియో 1969లో తమ పేర్లతోనే పత్రిక పెట్టారు. మిషెలిన్ ముసలిదైపోయిందని, వెన్న, పిండి కలిపిన బరువైన సాసులకే అది మొక్కుతోందని వాళ్ల ఫిర్యాదు. 1973లో 'నువెల్ క్విజీన్' పేరిట కొత్త వంటకు పది సూత్రాలు ప్రకటించారు. ఫ్రెంచి బళ్లలో పరీక్ష పేపర్లు దిద్దినట్లే వంటకు ఇరవై మార్కుల లెక్క తెచ్చారు, అందులో అర మార్కులు కూడా. మార్కు వచ్చాక పోలిక రాక తప్పదు.

ఆ పోలిక ఎంత బరువైనదో 2003లో లోకానికి తెలిసింది. బెర్నార్ లువాజో ఫ్రాన్సులో పేరుమోసిన షెఫ్. గో-మియో ఆయన రెస్టారెంటు మార్కులను 19 నుంచి 17కు తగ్గించింది. మూడో మిషెలిన్ నక్షత్రం కూడా పోబోతోందని పత్రికల్లో ఊహాగానాలు సాగాయి. ఆ ఫిబ్రవరిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. నక్షత్రం మాత్రం పోలేదు. అప్పుల భారం, మానసిక కుంగుబాటు అంతకుముందు నుంచీ ఉన్నాయి కనుక మార్కులే చంపాయనడం అన్యాయం. కానీ అప్పటినుంచి ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ మార్కుల మాటను తేలిగ్గా తీసుకోలేదు.

వైన్ స్పెక్టేటర్ పత్రిక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన హాస్యం లేదు. మంచి వైన్ పట్టిక ఉన్న రెస్టారెంట్లకు ఆ పత్రిక ఏటా పురస్కారాలు ఇస్తుంది. దరఖాస్తు రుసుము అప్పట్లో 250 డాలర్లు. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే రచయిత మిలాన్ నగరంలో లేని రెస్టారెంటునొకదాన్ని కాగితం మీద సృష్టించాడు. దానికి 'ఓస్తెరియా లింత్రెపిదో' అని పేరు, ఒక ఫోను నంబరు, వెబ్‌సైటు, వంటకాల పట్టిక. ప్రత్యేక వైన్ల విభాగంలో ఆ పత్రికే గతంలో ఏకిపారేసిన వైన్లను ఏరి మరీ పెట్టాడు. రుసుముతో పంపాడు, పురస్కారం వచ్చింది. పత్రిక కూడా ఊరుకోలేదు. ఎన్నోసార్లు ఫోను చేశామని, సమాధాన యంత్రమే పలికిందని, పెద్ద పట్టికలో చెడ్డవి కొన్నేనని, అన్ని చోట్లకూ స్వయంగా వెళతామని తామెన్నడూ చెప్పలేదని జవాబిచ్చింది. ఆ చివరి మాట నిజమే. చదివేవాళ్లు మాత్రం వెళ్లే ఉంటారనుకున్నారు. బిల్లు కట్టే సంగతి దేవుడెరుగు, ఇక్కడ దరఖాస్తు చేసినవాడే పత్రికకు కట్టాడు.

పత్రిక వేసిన వరుస జాబితా అంటే గుర్తుకొచ్చే మరో పేరు గుర్మే అనే అమెరికన్ ఆహార పత్రిక. అమెరికాలోని 50 ఉత్తమ రెస్టారెంట్లంటూ 2001లో అది వేసిన వరుసలో కాలిఫోర్నియాలోని షే పనీస్ మొదట నిలిచింది. 2006 వరుసలో ఆ స్థానం షికాగోలో అంతకుముందు ఏడాదే తెరిచిన అలీనియాకు దక్కింది. 2009లో పత్రికే మూతపడింది.

ఇక అసలు కథకు వద్దాం. 2002లో 'రెస్టారెంట్' అనే బ్రిటిష్ వ్యాపార పత్రిక, నలుగురూ తన గురించి చెప్పుకునేందుకు 'ప్రపంచంలోని 50 ఉత్తమ రెస్టారెంట్లు' (పొట్టిగా '50 బెస్ట్') అని ఒక ప్రత్యేక కథనం వేసింది. సంపాదకులు తెలిసిన షెఫ్ లను, విమర్శకులను అడిగి, వచ్చిన పేర్లను వరుసపెట్టారు. మొదటి స్థానం స్పెయిన్ లోని కాటలోనియా తీరంలో ఫెరాన్ అద్రియా నడిపే ఎల్ బుయీకి దక్కింది. తరువాత రెండేళ్లు కాలిఫోర్నియాలోని ఫ్రెంచ్ లాండ్రీ, 2005లో ఇంగ్లండులోని ఫ్యాట్ డక్, ఆపైన వరుసగా నాలుగేళ్లు మళ్లీ ఎల్ బుయీ. నక్షత్రం కంటే అంకె పత్రికలకు ఎంతో సులువు. 'మూడు నక్షత్రాలు నిలుపుకున్న 26 రెస్టారెంట్లు' అనేది వార్త కాదు, 'ప్రపంచంలో నంబర్ వన్' అనేది వార్త. ఏడాదికి దాదాపు 8 వేల మందికి వడ్డించే ఎల్ బుయీలో చోటు కోసం 20 లక్షల అభ్యర్థనలు వచ్చేవని అప్పట్లో చెప్పుకునేవారు. 2010లో కోపెన్‌హాగెన్ లోని నోమా మొదటికి రాగానే ప్రపంచమంతా నార్డిక్, అంటే ఉత్తర ఐరోపా దేశాల వంట వైపు మళ్లింది. పత్రిక పేజీలు నింపడానికి పుట్టిన జాబితా పత్రికను మించి ఎదిగింది. ఇటలీ మినరల్ వాటర్ కంపెనీ సాన్ పెల్లెగ్రీనో స్పాన్సరుగా వచ్చి, చాలాకాలం తన పేరును జాబితా పేరుకు ముందు తగిలించుకుంది.

పెరిగినకొద్దీ నిబంధనలు కూడా వచ్చాయి. 2024 జాబితా నాటికి ప్రపంచాన్ని 27 ప్రాంతాలుగా విభజించి, ఒక్కో దాంట్లో 40 మంది చొప్పున 1,080 మంది ఓటర్లు ఉండేవారు. వారిలో షెఫ్ లు, రచయితలు, బాగా తిరిగే భోజనప్రియులు తలో మూడోవంతు. ఒక్కొక్కరికి 10 ఓట్లు, సొంత ప్రాంతానికి ఆరుకు మించకూడదు. ఓటు వేసిన చోట గత 18 నెలల్లో తిని ఉండాలి. సొంత రెస్టారెంటుకు వేసుకోకూడదు. తిన్నట్లు రుజువు మాత్రం చూపనక్కరలేదు.

లెక్క వేసి చూడండి. అప్పటి మొత్తం ఓట్లు 10,800. అవి ప్రపంచంలోని వేలాది రెస్టారెంట్ల మీద చెల్లాచెదురవుతాయి. పై అయిదారు స్థానాల్లో ఉన్నవాటికి గట్టి మద్దతే ఉండవచ్చు. కానీ 38వ స్థానానికీ 48వ స్థానానికీ మధ్య ఎన్ని ఓట్ల తేడా ఉంటుంది? ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ప్రకటించరు. జాబితా అడుగు భాగంలో ఒక స్థానం ఎక్కినా దిగినా దాన్ని వంటకు ముడిపెట్టడం శుద్ధ అనవసరమని నా ఉద్దేశం. ఇంకొకటి: ఒకటో స్థానంలోనూ రెండో స్థానంలోనూ ఉన్న రెండు చోట్లా తిన్న ఓటరు ఉండి తీరాలన్న నియమమేదీ లేదు. ఇక్కడ పోలిక మనుషులు చేయలేదు, కూడిక చేసింది.

2015లో ఫ్రాన్సు నుంచి తిరుగుబాటు వచ్చింది. 'ఆక్యుపై 50 బెస్ట్' పేరిట కొందరు భోజనప్రియులు విజ్ఞప్తి మొదలుపెట్టి, తిన్నట్లు రుజువు అడగరు, బిల్లు కట్టారో లేదో చూడరు, మగవాళ్ల వంటలకే పెద్దపీట వేస్తారు అని దులిపేశారు. ఆ డిసెంబరులోనే ఫ్రెంచి పక్షం 'లా లిస్ట్' పేరిట సొంత జాబితా తెచ్చింది. మార్గదర్శినుల, పత్రికల మార్కులన్నీ పోగుచేసి సగటు తీసి, వెయ్యి రెస్టారెంట్లకు వరుస కట్టారు. ఆవిష్కరణ ఫ్రెంచి విదేశాంగ శాఖ భవనంలో జరిగిందంటే అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తోంది. తీరా చూస్తే ఆ తొలి జాబితాలో ఫ్రాన్సు కంటే జపాన్ రెస్టారెంట్లే ఎక్కువ వచ్చాయి!

50 బెస్ట్ నిర్వాహకులు కొన్ని విమర్శలను పట్టించుకున్నారు. ఓటింగు తనిఖీకి డెలాయిట్ అనే ఆడిట్ సంస్థను పెట్టుకున్నారు. 2019 జాబితా నుంచి ఓటర్లలో ఆడా మగా సగం సగం ఉండేలా మార్చారు. 2011 నుంచి ఇస్తున్న 'ఉత్తమ మహిళా షెఫ్' పురస్కారం మాత్రం అలాగే ఉంది. ప్రధాన జాబితాలో చోటివ్వకుండా పక్కన వేరే పీట వేయడమేమిటని విమర్శకులు అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నకు నేను విన్న జవాబుల్లో ఒక్కటీ నిలబడేది కాదు.

డబ్బు మాత్రం మరో దారిన వచ్చింది. 2015 దాకా లండన్ లోనే జరిగిన వేడుక 2016లో న్యూయార్క్, తరువాత మెల్‌బోర్న్, బిల్బావో, సింగపూర్... ఇలా ఊరేగడం మొదలైంది. ఆతిథ్యమిచ్చే చోట పర్యాటక సంస్థలు చేయి వేస్తాయి, ఓటర్లు, షెఫ్ లు, విలేఖరులు ఆ ఊరికి వచ్చి నాలుగు చోట్ల తింటారు. ఓటు కొన్నారని ఎవరూ రుజువు చేయలేదు, కొనవలసిన అవసరం కూడా లేదు. తినని రెస్టారెంటుకు ఓటు పడదు, తినాలంటే అక్కడికి చేరాలి. విమానం టికెట్టు ఎవరిదన్నదే కొత్త రూపంలో పాత ప్రశ్న. దీన్ని 50 బెస్ట్ కే అంటగట్టడం కూడా సరికాదు. తన బిల్లు తానే కట్టుకునే మిషెలిన్ కూడా కొత్త ప్రాంతాల మార్గదర్శినులకు పర్యాటక శాఖల సొమ్ము తీసుకుంటోంది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ మార్గదర్శిని వేసేందుకు అక్కడి పర్యాటక సంస్థ 6 లక్షల డాలర్లు ఇచ్చింది.

అదే 2019లో వచ్చిన మరో నిబంధన ఇప్పటి పేచీకి మూలం. ఒకసారి మొదటి స్థానం గెలిచినవి ఇక పోటీలో ఉండవు, వాటిని విడిగా గౌరవిస్తారు. ఎప్పుడూ అవే పేర్లు తిరుగుతున్నాయన్న విసుగుకు ఇది విరుగుడు. కానీ అప్పటికే నాలుగుసార్లు గెలిచిన నోమా కొత్త చోటికి మారింది కనుక కొత్త రెస్టారెంటేనని ఒప్పుకుని, 2019లో రెండో స్థానం, 2021లో మళ్లీ మొదటి స్థానం ఇచ్చారు. అదే పేరు, అదే షెఫ్, అదే నగరం! ఆ తర్వాత కోపెన్‌హాగెన్ లోని జెరేనియం, పెరూ రాజధాని లీమాలోని సెంత్రాల్, బార్సిలోనాలోని దిస్‌ఫ్రుతార్, 2025లో లీమాలోనే ఉన్న మైదో గెలిచి, ఒక్కొక్కటిగా పోటీనుంచి తప్పుకున్నాయి. అంటే ఇప్పుడు మొదటి స్థానానికి అర్థం, ఇంతవరకు గెలవనివాటిలో మొదటిది అని. శీర్షికలో మాత్రం 'ప్రపంచంలో ఉత్తమం' అనే ఉంటుంది.

జాబితాలు ఈలోగా పిల్లలు పెట్టాయి. ఆసియాకు, లాటిన్ అమెరికాకు 2013లోనే విడి వరుసలు మొదలయ్యాయి. 2023లో హోటళ్లకు, 2025లో ఉత్తర అమెరికాకు కూడా వచ్చాయి. ఉత్తర అమెరికా తొలి వరుసలో మొదటి స్థానం న్యూయార్క్ లోని అటామిక్స్ ది, వేడుక జరిగింది మాత్రం లాస్ వేగాస్ లో.