మోటారు కాదు, బరువు చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ క్రాలర్, అదే రాళ్లెక్కే రిమోట్ బొమ్మ బండి, రాయి ఎక్కుతున్న వీడియో చూశాను. సగం దాకా బాగానే ఎక్కింది. ఆ తర్వాత ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి వెల్లకిలా పడింది. ఇంకా పవర్ ఉన్న మోటారు వేస్తే ఎక్కుతుందా అని అడిగారు. ఎక్కదు, ఇంకా తొందరగా పడుతుంది. వీడియో మళ్లీ చూడండి, చక్రాలు ఎక్కడా ఆగలేదు. ఆ బండికి శక్తి తక్కువై కాదు, బరువు ఉండాల్సిన చోట లేక పడింది. అందుకే మోటారు సంగతి పక్కన పెట్టి ముందు బరువు గురించి రాస్తున్నాను.

గరిమనాభి గురించి బడిలో చదువుకునే ఉంటారు. బండి బరువంతా ఒక్క బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క వేసుకోవచ్చు, ఆ బిందువే గరిమనాభి. అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత నాలుగు చక్రాల మధ్య పడినంత సేపూ బండి నిలబడుతుంది. వాలు పెరిగేకొద్దీ ఆ గీత వెనక చక్రాల వైపు జరుగుతుంది. వెనక చక్రాలు నేలను తాకే చోటు దాటిందంటే ఇక ఏ మోటారూ ఆపలేదు. కాబట్టి మనం చేయగలిగినవి రెండే. ఆ బిందువును కిందికి దించాలి, కాస్త ముందుకు జరపాలి. ఏటవాలు ఎక్కేటప్పుడు మనం ముందుకు వంగి నడుస్తామే, అలాగన్నమాట.

ఇప్పుడు దాన్ని కొలుద్దాం. డిజిటల్ కాటా ఒకటి తీసుకోండి. ముందు చక్రాలు కాటా మీద, వెనక చక్రాలు అంతే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టండి. బండి మొత్తం 400 గ్రాములనుకుందాం, కాటా 200 చూపించిందనుకుందాం. అంటే బరువు ముందుకీ వెనక్కీ సమానంగా ఉంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 130 మిల్లీమీటర్లయితే గరిమనాభి వెనక ఇరుసుకు 65 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నట్టు.

ఎత్తు కనుక్కోవడానికి ఒక చెక్క చాలు. బండిని చెక్క మీద అడ్డంగా నిలబెట్టండి. కింది వైపు చక్రాలు జారకుండా సన్నటి పుల్ల అంటించి, చెక్కను మెల్లగా లేపండి. పైవైపు చక్రాలు లేచే క్షణంలో కోణం చూడండి. ఫోన్లో కోణం చూపించే యాప్ ఉంటుంది కదా, అది సరిపోతుంది. కుడి ఎడమ చక్రాల మధ్య 80 మిల్లీమీటర్లు ఉండి, దాదాపు 39 డిగ్రీల దగ్గర చక్రాలు లేచాయంటే గరిమనాభి సుమారు 50 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. 80లో సగం 40, దాన్ని ఆ కోణపు టాంజెంటుతో భాగిస్తే వచ్చే లెక్క అది. ఇదే లెక్కన బండి ఎదురుగా ఎక్కగలిగే వాలు కూడా తెలుస్తుంది. 65ను 50తో భాగిస్తే 1.3, అంటే 52 డిగ్రీలు. స్ప్రింగులు నొక్కుకుపోతాయి కాబట్టి నిజంగా ఇంకొంచెం తక్కువే వస్తుంది.

ఇక మార్పులు. కింద బరువు పెంచడానికి అందరూ మొదట ఇత్తడి భాగాలు కొంటారు. మీరు మొదట స్క్రూడ్రైవర్ తీసి పైనున్న బరువు దించండి. టాప్ మీది క్యారియర్, స్టెప్నీ, లైట్ల బారు అందంగానే ఉంటాయి గానీ, అవి బండిలో అన్నిటికంటే ఎత్తులో కూర్చున్న బరువులు. అవన్నీ కలిపి 30 గ్రాములుండి, 110 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. తీసేస్తే గరిమనాభి 50 నుంచి 45కి దిగుతుంది. ఇప్పుడు 40 గ్రాముల ఇత్తడి తెచ్చి ముందు ఇరుసుకు బిగిస్తే అది 43కి వస్తుంది. చూశారా, పైసా ఖర్చు లేకుండా తీసేసిన దానికి 5 మిల్లీమీటర్లు దిగింది, కొని తెచ్చిన ఇత్తడికి 2 కూడా పూర్తిగా దిగలేదు. బాడీ గట్టి ప్లాస్టిక్‌ది అయితే దాని బదులు పలచటి పాలీకార్బొనేట్ బాడీ వేయడం కూడా ఇలాంటి మేలే చేస్తుంది.

అలాగని ఇత్తడి దండగ అనడం లేదు. బరువును ముందుకు జరపడంలో అది బాగా పనికొస్తుంది. ఆ 40 గ్రాములకే గరిమనాభి 6 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. అల్యూమినియం కంటే మూడింతలు, మామూలు ప్లాస్టిక్ కంటే ఎనిమిదింతలు సాంద్రత దానిది. అందుకే చిన్న చోటే ఎక్కువ బరువు పెట్టొచ్చు. సీసం మాత్రం ముట్టుకోవద్దు, అది విషం. చక్రాల లోపల చుట్టడానికి సీసం తీగలు వాడేవాళ్లున్నారు, మీరు ఆ పని చేయకండి. అసలు చక్రాల్లో బరువు పెరిగితే తిప్పడానికి మోటారుకు, మళ్లించడానికి స్టీరింగ్ సర్వోకు, అంటే ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారుకు, భారం పెరుగుతుంది. నేనైతే ముందు ఇరుసు కవరుకు, చక్రం బిగించే నకుల్స్‌కు ఇత్తడి వేస్తాను. వెనక ఇరుసు జోలికి వెళ్లను.

ఆ తర్వాత బ్యాటరీ. అది బండి మధ్యలో ఉంటే ముందుకు, వీలైనంత కిందికి మార్చండి. 25 గ్రాముల బ్యాటరీని మధ్య నుంచి ముందు ఇరుసు మీదికి తెస్తే గరిమనాభి ఇంకో 4 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. అన్నీ కలిపి లెక్కేస్తే వెనక ఇరుసు నుంచి దూరం 75, ఎత్తు 43. ఎక్కగలిగే వాలు 52 నుంచి 60 డిగ్రీలకు పెరిగింది. మరి దిగేటప్పుడు ముందుకు పల్టీ కొట్టదా అని అడుగుతారు. మంచి ప్రశ్నే. ముందు ఇరుసుకు 55 మిల్లీమీటర్లే మిగిలినా, ఎత్తు తగ్గింది కాబట్టి దిగే వాలు పాత 52 డిగ్రీల దగ్గరే నిలిచింది. ముందు వైపు బరువు 60 శాతం దాటనివ్వకండి. అంతకు మించితే వెనక చక్రాలు తేలికై ఊరికే తిరుగుతాయి.

షాక్‌లు, అంటే స్ప్రింగులుండే షాక్ అబ్జార్బర్లు, పొడుగ్గా పెట్టి బండిని లేపితే చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. కానీ మనం కష్టపడి దించిన 7 మిల్లీమీటర్లూ ఒక్క పూటలో పోతాయి. రాయికి పొట్ట తగులుతోందని నిజంగా ఇబ్బంది ఉంటే తప్ప లేపకండి. స్ప్రింగులు ఎలా ఉన్నాయో తెలియాలంటే ఒక ముందు చక్రం కింద లావుపాటి పుస్తకం పెట్టండి. మిగతా మూడు చక్రాలూ నేల మీదే ఉంటే బాగున్నట్టు. ఏదైనా లేచిందంటే స్ప్రింగ్ గట్టిగా ఉంది, లేదా ఇరుసును బండికి కలిపే కడ్డీల్లో (లింకుల్లో) ఏదో పట్టేస్తోంది. మరీ మెత్తటి స్ప్రింగులతో ఇంకో తంటా ఉంది. థ్రాటిల్ ఇవ్వగానే మోటారు తిప్పే బలానికి బాడీ ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని టార్క్ ట్విస్ట్ అంటారు. బండిని చేత్తో పట్టుకుని ఒక్కసారి థ్రాటిల్ కొట్టి చూడండి, ఏ పక్కకు ఒరుగుతోందో కనిపిస్తుంది. ఆ మూలన కాస్త గట్టి స్ప్రింగ్ వేస్తే తగ్గుతుంది.

టైర్లు మెత్తటి రబ్బరువి కావాలి. కొత్తవి కొనగానే సబ్బు నీళ్లతో కడగండి. తయారీలో అచ్చుకు అంటుకోకుండా పూసిన జిడ్డు వాటి మీద ఉండొచ్చు. టైరు లోపల గాలి బయటికి పోయే రంధ్రం ఉందో లేదో చూడండి. గాలి బందీ అయిపోతే టైరు బంతిలా గట్టిగా ఉండి రాతి అంచును పట్టుకోదు. నొక్కితే లోపలికి పోవాలి, వదిలితే మెల్లగా పైకి రావాలి.

మోటారు ఊసే లేదేమని అనుకుంటున్నారేమో. ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటి 1/24 బండైనా (అసలు బండిలో 24వ వంతు సైజు), ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4ఎం లాంటి 1/18 బండైనా కొట్టులోంచి వచ్చిన మోటారు ఎక్కడానికి చాలు. కావలసింది నెమ్మది. మోటారు ఇరుసుకుండే చిన్న గేరును పినియన్ అంటారు. అది 11 పళ్లది తీసి 9 పళ్లది వేస్తే వేగం 18 శాతం తగ్గుతుంది, చక్రాల దగ్గర తిప్పే బలం 22 శాతం పెరుగుతుంది. గేరు మార్చాక రెండు గేర్ల మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి మోటారు బిగించి, తర్వాత కాగితం లాగేయండి. పళ్ల మధ్య సరైన సందు వస్తుంది.

మరలు బిగించేటప్పుడు తొందర వద్దు. ప్లాస్టిక్‌లోకి పోయే మరను మొదట వెనక్కి తిప్పండి. పాత గాడిలో పడ్డప్పుడు చిన్నగా టక్‌మంటుంది, అప్పుడు ముందుకు తిప్పండి. నేరుగా బిగిస్తే కొత్త గాడి కోసుకుపోతుంది, నాలుగైదు సార్లకు మర పట్టు వదిలేస్తుంది. మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, థ్రెడ్‌లాకర్, లోహానికి లోహం తగిలే చోట మాత్రమే వాడాలి. కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్లిస్తాయి.

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఛార్జింగ్ పెద్దవాళ్లు దగ్గరుంటేనే పెట్టాలి. ఈ విషయంలో మినహాయింపు లేదు. సెల్‌కు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే కింద పడకూడదు. కొన్నాళ్లు ఆడకపోతే 3.8 దగ్గర ఉంచండి. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక దాన్ని వాడొద్దు, వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒక మార్పు చేయండి, అదే చెక్క మీద కొలవండి, అదే రాయి ఎక్కించండి, తర్వాత ఇంకోటి. ముందుగా టాప్ మీదివన్నీ తీసేసి, ముందు చక్రాల మీద ఎన్ని గ్రాములు, వెనక ఎన్ని, పక్కకు ఎన్ని డిగ్రీల దగ్గర లేచిందో రాసి పంపండి. ఆ అంకెలు చూశాకే ఇత్తడి కొనాలో అక్కర్లేదో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య