పుట్ట కింద సేద్యం

ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాయంటే పర్లాకిమిడి బజారులో కొండ మీంచి దిగిన ఆడవాళ్లు ఆకుల్లో పుట్టగొడుగులు పోసుకుని కూర్చుంటారు. ఒడియావాళ్లకు అవి ‘ఛతు’. వాళ్ల మాటలో ఛత్రం ఉంది, మన మాటలో గొడుగుంది. మనవాళ్లు అదనంగా పుట్టను కూడా చేర్చారు. అసలు సంగతంతా ఆ పుట్టలోనే ఉంది.

పుట్ట అనగానే నాగులచవితి, పాలు, పాము గుర్తొస్తాయి. కట్టింది మాత్రం చెదపురుగులు. ఎండుటాకులూ పుల్లలూ లోపలికి మోసుకెళ్తాయి గానీ, కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను సొంతంగా అరిగించుకోవడం వాటికి కష్టం. అందుకని నమిలి విసర్జించినదాన్ని తేనెపట్టులా పేర్చి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. పేరు టెర్మిటోమైసిస్. అది కట్టెను మెత్తబరుస్తుంది, చెదలు ఆ మెత్తబడినదాన్ని తింటాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి సుమారు 10 వేల ఏళ్లు. చెదల సేద్యం వయసు దాదాపు 3 కోట్ల ఏళ్లు!

పుట్ట బాగా తడిశాక ఆ తోటలోంచే గొడుగు పైకి లేస్తుంది. లాగకుండా ఓపిగ్గా తవ్వితే కాడ కింద వేరులాంటి తోక కనబడుతుంది, ఒక్కోసారి మూరెడు. ఇంట్లో కడిగేటప్పుడు మట్టి అంటుకుందని కోసి పారేస్తామే, చెదల తోట దాకా పోయే దారి అదే.

ఆ గొడుగు శిలీంధ్రానికి కాయలాంటిది. అసలు ప్రాణి మట్టిలోనో కట్టెలోనో పాకే సన్నటి దారాల అల్లిక. పత్రహరితం లేదు కాబట్టి మొక్కలా తన తిండి తాను వండుకోలేదు. నోరూ కడుపూ లేవు. మనం తిన్నాక అరిగించుకుంటాం, ఇది అరిగించాక తింటుంది. ఎంజైములను బయటికి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. దీని కణాల గోడల్లో ఉండే కైటిన్ రొయ్య పెంకులో ఉండేదే. 1969లో అమెరికన్ శాస్త్రవేత్త విటేకర్ జీవులను 5 రాజ్యాలుగా, అంటే పెద్ద విభాగాలుగా, విడదీసినప్పుడు శిలీంధ్రాలకు విడిగా ఒకటి ఇచ్చాడు. వంశం లెక్కన ఇవి మొక్కలకన్నా జంతువులకే దగ్గరి చుట్టాలు (శాకాహారులు కంగారు పడనక్కర్లేదు). జీలుగు కల్లును పొంగించే ఈస్టూ, పచ్చడి మీద బూజూ, వరికి పట్టే అగ్గి తెగులూ ఈ కుటుంబంలోవే.

రాయగడ, కొరాపుట్ వైపు గుగ్గిలం అడవుల్లో కథ వేరు. అక్కడ శిలీంధ్రాలు బతికున్న చెట్టు వేళ్లనే చుట్టుకుని ఉంటాయి. మట్టిలోంచి భాస్వరం, నీరు అందిస్తాయి, బదులుగా చెట్టు నుంచి చక్కెర పుచ్చుకుంటాయి. ఈ పొత్తుకు 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టాడు. నేల మీది మొక్కల్లో అత్యధిక భాగానికి ఇలాంటి పొత్తు ఉంది. చెట్టు కూలాక దాన్ని తిరిగి మట్టిలో కలిపేదీ శిలీంధ్రాలే, కాకపోతే వేరే రకాలు.

ఒక్క సంగతి. కూరలో వెండి నాణెం వేస్తే, విషముంటే నల్లబడుతుందన్న మాట నమ్మకండి. కొన్ని కుక్కగొడుగుల విషం ఎంత ఉడికించినా పోదు. వాంతులు మొదలయ్యేసరికి ఆరు గంటలో, పన్నెండు గంటలో గడిచిపోతాయి, ఈలోగా కాలేయం దెబ్బతింటూ ఉంటుంది.

ఆమధ్య బజారులో ఒకామెతో బేరమాడాను. పక్కనే వరిగడ్డి మీద పెంచిన ఛతు చవగ్గా అమ్ముతున్నారు కదా, నీవెందుకమ్మా ఇంత ధర అన్నాను.

“అవి మనుషులు పండించినవి బాబూ. ఇవి చెదలు పండించాలి, వాన పడాలి, నేను కొండెక్కాలి” అంది.

చెదల తోడు లేకుండా ఆ గొడుగును వ్యాపారానికి సరిపడా పండించడం శాస్త్రవేత్తలకే ఇంకా చేతికి రాలేదు. అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను.