పికప్ తొట్టిలో రెయిలు ఏం పని చేస్తుంది?

విశాఖ ఆటోనగర్‌లో పికప్ వ్యానుకు తొట్టి కట్టించుకునేవాళ్లు ముందుగా అడిగేది రేకు మందం, ఆ తర్వాత రంగు. తాడు తగిలించే కొక్కేల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అవి ఎప్పటిలాగే పక్క పలకల వెలుపల, నాలుగు వెల్డింగ్ చుక్కలతో అతుక్కుని ఉంటాయి. సరుకు కదలకుండా ఉండాలంటే మాత్రం రేకు మందం కంటే కొక్కెం ఉన్న చోటే ముఖ్యం. ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క వేయాలి. లెక్క కష్టమేమీ కాదు, ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

ముందు రెయిలు అంటే ఏమిటో చెప్పాలి. తొట్టి లోపల నేలమీద గానీ పక్క గోడలకు గానీ పొడవునా బోల్టులతో బిగించే గాడి ఉన్న లోహపు పట్టీ ఇది. ఆ గాడిలో ఒక కొక్కెం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కావలసిన చోట ఆపి బిగిస్తే అక్కడే నిలబడుతుంది. అమెరికాలో టయోటా టకోమా, నిస్సాన్ ఫ్రాంటియర్ లాంటి కొన్ని పికప్‌లకు ఇవి ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి. మన దగ్గర కావాలంటే తర్వాత బిగించుకోవాలి.

ఇప్పుడు తొట్టిలో ఒక ఇనుప బీరువాను పడుకోబెట్టామనుకుందాం. బరువు 100 కిలోలు. ఇనుప రేకు మీద ఇనుప బీరువా కాబట్టి ఘర్షణ గుణకం సుమారు 0.3 అనుకోవచ్చు. అంటే దాన్ని జరపడానికి 30 కిలోల బలం చాలు. (బలాన్ని న్యూటన్లలో చెప్పాలని భౌతికశాస్త్రం మాస్టార్లు పట్టుబడతారు. వాళ్ల మాట నిజమే గానీ, బజారులో కిలోలే నడుస్తాయి కనుక నేనూ వాటితోనే సరిపెడుతున్నాను.) జాతీయ రహదారి మీద గాజువాక వైపు 60 కి.మీ. వేగంతో వెళ్తుండగా ఆటో అడ్డం వచ్చి బ్రేకు గట్టిగా తొక్కితే, మంచి టైర్లున్న వాహనం బరువుకు 0.8 వంతు బలంతో ఆగగలదు. అప్పుడు బండి సుమారు 18 మీటర్లలో నిలిచిపోతుంది. బీరువా ఆగాలంటే దానికి 80 కిలోల బలం అందాలి, రేకు ఇవ్వగలిగింది 30. మిగిలిన 50 కిలోల లోటుతో బీరువా ముందుకు జారుతుంది. దాని ముందు రెండు మీటర్ల ఖాళీ ఉంటే, క్యాబిన్ గోడను తాకేసరికి బండితో పోలిస్తే దాని వేగం గంటకు 16 కిలోమీటర్లు. సరుకును ముందు గోడకు ఆనించి పెట్టమని అనుభవం ఉన్న డ్రైవర్లు చెప్పేది అందుకే.

ఈ 0.8 అంకె నా ఊహ కాదు. సరుకు కట్టే పద్ధతులకు ఐరోపాలో వాడే ఈఎన్ 12195-1 ప్రమాణం రోడ్డు మీద ముందుకు 0.8, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు బలం తట్టుకోవాలంటుంది. అమెరికా నిబంధనల్లోనూ దాదాపు ఇవే అంకెలు. పక్కకు సగం బరువంత బలమా అని ఆశ్చర్యపోవద్దు. అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 40 కి.మీ. వేగంతో తిప్పితే సరిగ్గా అంతే వస్తుంది. వేగాన్ని 20కి తగ్గిస్తే బలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక తాడు సంగతి. బీరువా మీదుగా అడ్డంగా బెల్టు వేసి రెండు పక్కలా బిగించినప్పుడు, ఆ బెల్టు బీరువాను వెనక్కి పట్టి లాగడం లేదు. దాన్ని రేకుకేసి కిందికి నొక్కుతోంది, అంతే. ఆపే పని చేసేది ఘర్షణే. తాడు ఆ ఘర్షణకు మరికొంత బరువును అరువు తెచ్చిపెడుతుంది. ఎంత అరువు కావాలి? 50 కిలోల లోటును 0.3 గుణకంతో పూడ్చాలంటే 50ని 0.3తో భాగించాలి. సుమారు 167 కిలోలు. అంటే బీరువా బరువు కంటే ఎక్కువ బలంతో దాన్ని కిందికి నొక్కాలి. రెండు పక్కలా బెల్టు నిట్టనిలువుగా దిగితే ఒక్కో పక్క 84 కిలోల బిగువు చాలు. నేలతో 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా దిగితే ఒక్కో పక్క 167 కావాలి. 10 డిగ్రీలయితే? 480 కిలోలు! యాభై మిల్లీమీటర్ల వెడల్పున్న రాట్చెట్ బెల్టును (మీట ఆడిస్తూ బిగించేది) చేత్తో బిగిస్తే వచ్చే బిగువు మామూలుగా 300 కిలోల దగ్గర ఉంటుంది. కండబలంతో అయ్యే పని కాదన్నమాట.

వెలుపలి కొక్కేల లోపం ఇక్కడే బయటపడుతుంది. పడుకోబెట్టిన బీరువా ఎత్తు, పక్క పలక ఎత్తు దాదాపు సమానం. వెలుపలి కొక్కేనికి తగిలించిన తాడు బీరువా అంచు నుంచి పలక అంచు దాకా దాదాపు బల్లపరుపుగా పోయి, ఆ తర్వాత కిందికి దిగుతుంది. చూడటానికి తాడు బిర్రుగా ఉంటుంది, తడితే మోగుతుంది కూడా. కానీ ఆ బిగువంతా పలకలను లోపలికి వంచడానికే ఖర్చవుతుంది, బీరువా మీద పడే నొక్కుడు నామమాత్రం. అదే తొట్టి నేలమీద, బీరువాకు జానెడు దూరంలో రెయిలు ఉంటే బెల్టు నిలువుకు దగ్గరగా దిగుతుంది. అదే బెల్టు, అదే చేయి, ఫలితం మాత్రం అయిదారింతలు. రెయిలు ఇచ్చేది బలం కాదు, కోణం. ఈ మాట కొనేవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. దుకాణాల్లో రెయిలును అది ఎన్ని కిలోలు తట్టుకుంటుందన్న అంకె చూపించే అమ్ముతారు.

అన్నట్టు, బీరువా కింద మంచి రబ్బరు చాప పరిస్తే ఘర్షణ గుణకం 0.6కు చేరుతుంది. అప్పుడు లోటు 20 కిలోలే. దాన్ని 0.6తో భాగిస్తే కావలసిన నొక్కుడు 33 కిలోలు. 167 ఎక్కడ, 33 ఎక్కడ! రెయిలుకు డబ్బు లేకపోతే ముందు చాప కొనుక్కోమంటాను. అయితే చాప మీద ఇసుక గానీ చేపల నీళ్లు గానీ ఉంటే ఈ లెక్క చెల్లదు.

గతుకుల రోడ్డు మీద వేరే చిక్కు ఉంది. పట్టీ స్ప్రింగులున్న పికప్ నిండా బరువుతో ఉన్నప్పుడు సాఫీగానే పోతుంది. ఖాళీగా ఉన్నా, ఒకటి రెండు వస్తువులే ఉన్నా వెనుక భాగం ఎగిరి పడుతుంది. తొట్టి కిందికి పడే ఆ క్షణంలో సరుకు బరువు రేకు మీద ఉండదు. బరువు లేనిచోట ఘర్షణా ఉండదు. కట్టని సరుకు ఒక్కో గతుకుకు కాస్త కాస్త జరుగుతూ ఊరు చేరేసరికి తలుపు దగ్గర తేలేది ఇలాగే. తాడు తెచ్చిన అరువు బరువు మాత్రం గాలిలో ఉన్నప్పుడూ పోదు.

ఘర్షణ ఎప్పుడూ మన పక్షమే అనుకుంటే పొరపాటు. బెల్టును ఒక పక్క నుంచే బిగిస్తే, అది బీరువా రెండు అంచుల మీదా వంగి అవతలికి పోవాలి. లంబకోణంలో ఉన్న ఒక్కో అంచు దగ్గరా కొంత బిగువును ఘర్షణ మింగేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త కట్టిన సూత్రం ప్రకారం, గుణకం 0.3 అయితే ఇవతలి పక్క 100 కిలోల బిగువు మొదటి అంచు దాటేసరికి 62, రెండోది దాటేసరికి 39 అవుతుంది. అంచుల దగ్గర నున్నటి ప్లాస్టిక్ మూలలు పెట్టడానికి కారణం సరుకు గీసుకుపోకుండా ఉండటమే కాదు, బిగువు అవతలికి చేరడం కూడా. ఇదే సూత్రం విశాఖ రేవులో తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ ఓడ తాడును ఇనుప గుంజకు చుడతారు. అదే గుణకంతో మూడు చుట్లు వేస్తే ఒక చివర పట్టిన బలానికి సుమారు 285 రెట్లు రెండో చివర ఆగుతుంది. ఓడను ఆపే తాడు కొసను ఒక మనిషి పట్టుకుని నిలబడగలడంటే ఆ ఘనత ఆ చుట్లదే.

ఇప్పుడు బిగింపు. రెయిలుకు మామూలుగా 8 మి.మీ. బోల్టులు వాడతారు. 8.8 గ్రేడు (గట్టి ఉక్కు రకం) బోల్టు ఒక్కటే 2 టన్నులకు పైగా లాగుడును సాగకుండా తట్టుకుంటుంది. కాబట్టి తెగేది బోల్టు కాదు, చిరిగేది రేకు. తొట్టి రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. చిన్న వాషర్ పెట్టి గట్టిగా లాగితే రేకు ముందు గుంటపడుతుంది, తర్వాత వాషర్ చుట్టుకొలత వెంబడి చిరిగి బోల్టు ఊడివస్తుంది. 16 మి.మీ. వాషర్ బదులు 50 మి.మీ. వెడల్పు పట్టీ వేస్తే చిరగాల్సిన చుట్టుకొలత మూడింతలకు పైగా పెరుగుతుంది. రెయిలు పొడవునా రేకు అడుగున ఒక ఇనుప పట్టీ వేసి, రెండింటి మధ్య రేకును ఇరికించి బిగించడం అన్నిటికంటే మేలు. వీలైతే రంధ్రాలు తొట్టి అడుగున ఉండే అడ్డ దూలాల మీదుగా రావాలి. డ్రిల్లు పెట్టే ముందు బండి కిందికి దూరి బ్రేకు పైపు, డీజిల్ ట్యాంకు, వైర్లు ఎటు పోతున్నాయో చూడటం తప్పనిసరి.

బోల్టు బిగింపులోనూ ఘర్షణే రాజ్యం చేస్తుంది. 8 మి.మీ. బోల్టుకు సాధారణంగా చెప్పే బిగింపు 25 న్యూటన్ మీటర్లు. అందులో సగం బోల్టు తల కింద ఘర్షణకే పోతుంది, మరో 40 శాతం బోల్టు, నట్టు మరల గాట్ల మధ్య ఘర్షణకు. మిగిలిన పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. ఆ పదో వంతుతోనే రేకు, రెయిలు ఒకదానికొకటి ఒకటిన్నర టన్నుల బలంతో అదుముకుంటాయి. పక్క గోడకు బిగించిన రెయిలును బెల్టు పైకి లాగినప్పుడు దాన్ని ఆపేది బోల్టు కాడ కాదు, ఈ అదుముడు పుట్టించే ఘర్షణ. మరలకు గ్రీజు రాసి అదే బిగింపు ఇస్తే ఘర్షణ తగ్గి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది, కొన్నిసార్లు పాడయ్యేంత. బోల్టు కింద మెత్తని రబ్బరు వాషర్ పెడితే కొన్నాళ్లకు రబ్బరు అణిగి అదుముడు పోతుంది.

అదుముడు తగ్గిన బోల్టు అడ్డంగా కొద్దిగా జరిగినా చాలు, నట్టు తనంతట తానే తిరుగుతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని పరీక్షించి చూపించాడు. మనవాళ్లు భక్తిగా వేసే స్ప్రింగు వాషర్లు అలాంటి పరీక్షల్లో పెద్దగా నిలబడలేదు. నైలాన్ కంఠమున్న నట్టు వేయడం, కొన్ని లోడ్లు తిరిగాక మళ్లీ బిగించడం వాటికంటే నమ్మదగినవి.

విశాఖలో ఈ బోల్టులకు అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు రేణువులు రేకు మీద పేరుకుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తానే నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు అందులో సగం తేమ కూడా అక్కర్లేదు. అందుకే వాన లేకున్నా రేకు మీద కంటికి కనిపించని తడి ఉంటుంది. చేపల రేవు నుంచి సరుకు దించే బండ్లయితే చెప్పనక్కర్లేదు. కరిగిన ఐసు, ఉప్పు నీరు కలిసి రెయిలు గాడిలో నిలుస్తాయి. గాడికి నీళ్లు పోయే రంధ్రాలు లేకపోతే అది కాలువే. డ్రిల్లు చేసిన ప్రతి రంధ్రం అంచూ పచ్చి ఇనుము. దానికి జింకు ప్రైమరో, కనీసం రెడ్ ఆక్సైడో పూయకుండా బోల్టు దూర్చితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

అల్యూమినియం రెయిలు తేలిక, అందం కూడా. కానీ తడి ఉప్పులో ఉక్కును ఆనుకుని ఉంటే రెండూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి, అరిగిపోయేది అల్యూమినియం. దానిమీద లేచే తెల్లని పొడి ఆ నష్టమే. మధ్యలో మంచి రంగు పూత చెక్కుచెదరకుండా ఉండాలి. ఇందులో వైశాల్యానికీ పాత్ర ఉంది. విశాలమైన మామూలు ఉక్కు రేకులో చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు పెద్ద హాని చేయదు. స్టెయిన్‌లెస్ రేకుకు మామూలు ఉక్కు బోల్టు వేస్తే మాత్రం దాడి అంతా ఆ చిన్న బోల్టు మీదే పడుతుంది. చేపల బండికయితే నా ఓటు వేడి జింకు పూసిన ఉక్కు ఛానెల్‌కే. భవనాల్లో కేబుళ్లు, పైపులు వేలాడదీయడానికి వాడే 41 మి.మీ. స్ట్రట్ ఛానెల్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. దాని గాడిలో పట్టే నట్లు కూడా దొరుకుతాయి. ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం ఉన్న ఊరే గానీ, ఈ ఛానెల్‌ను వంచే రేకు మాత్రం బయటి నుంచే రావాలి. మన కర్మాగారం కడ్డీలు, తీగలు, దూలాల వంటి పొడవాటి ఉక్కే తయారు చేస్తుంది.

చివరగా బెల్టు. చేపల రేవు దగ్గర చవకగా దొరికే నైలాన్ తాడు బాగా సాగుతుంది, తడిస్తే పదో వంతుకు పైగా బలం కోల్పోతుంది, ముడి వేసినచోట సగం దాకా పోతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, నీటికి చెక్కుచెదరదు. ఐరోపా ప్రమాణం ప్రకారం తయారైన బెల్టులకు కుట్టిన చీటీ రంగు చూస్తే ఏ దారమో తెలుస్తుంది: నీలం పాలిస్టర్, ఆకుపచ్చ నైలాన్, గోధుమ రంగు పాలీప్రొపిలీన్. ఆ చీటీ మీద ఉండే అంకెల్లో రెండు ముఖ్యం. LC అని ఉన్నది బెల్టు మోయగల బలం, STF అని ఉన్నది చేత్తో బిగిస్తే వచ్చే బిగువు. పైనుంచి నొక్కి కట్టేటప్పుడు బీరువా లెక్కలో వేయాల్సింది ఆ STF అంకెనే.