షాకుల్లోకి గ్యాస్ ఎందుకొచ్చింది?

గ్యాస్ షాకులంటే, అంటే గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లంటే, లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి బండి దిండు మీద వెళ్తున్నట్టు మెత్తగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు మోసేది స్ప్రింగు, స్ప్రింగు ఊగకుండా పట్టి ఆపేది ఆయిల్. గ్యాస్ ఉన్నది ఆ ఆయిల్ నురగ కాకుండా చూడటానికి. ఈ సంగతి ఒక కొలిక్కి రావడానికి మోటారు వాహనాల చరిత్రలో దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

మొదట్లో ఆయిలే లేదు. స్ప్రింగుగా వాడే కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటుంటే పుట్టే రాపిడే ఊగుడుకు అడ్డు. ఫ్రాన్స్‌లో త్రుఫో కనిపెట్టిన, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫోర్డ్ అమ్మిన షాకులు కూడా రాపిడి మీద పనిచేసినవే. కత్తెరలాంటి రెండు చేతులు, కీలు దగ్గర బిళ్ళలు, వాటిని బిగించే ఒక నట్టు, అంతే. రాపిడితో చిక్కేమిటంటే దానికి వేగంతో పని లేదు. చిన్న గతుకు దగ్గర అనవసరంగా బిగుసుకుంటుంది, పెద్ద గుంటలో చాలకుండా పోతుంది.

ఆయిల్ అలా కాదు. సన్నని రంధ్రం గుండా ఎంత వేగంగా తోస్తే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ హుడాయ్ తెచ్చిన హైడ్రాలిక్ షాకులు, అంటే ఆయిల్‌తో పనిచేసేవి, ఈ గుణాన్నే వాడుకున్నాయి. 1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకూ అవే ఉండేవి. 1930ల నుంచి ఇప్పుడు మనం చూసే గొట్టం ఆకారపు షాకులు వాటి చోటు తీసుకుంటూ వచ్చాయి.

అసలు చిక్కు ఆ గొట్టంలోనే ఉంది. లోపల ఆయిల్‌ను తోసే పిస్టన్‌కు ఒక రాడ్ ఉండాలి. 12 మిల్లీమీటర్ల రాడ్ 10 సెంటీమీటర్లు లోపలికి దిగిందంటే 11 సీసీలకు పైగా చోటు ఆక్రమించినట్టే. ఆయిలేమో నొక్కితే తగ్గేది కాదు. ఆ 11 సీసీల ఆయిల్ ఎక్కడికి పోవాలి? అందుకని బయట ఇంకో గొట్టం పెట్టి, అందులో సగం ఆయిల్, పైన కొంత గాలి వదిలేశారు. రాడ్ దిగినప్పుడు అడుగు వాల్వ్ గుండా ఆయిల్ బయటి గొట్టంలోకి వెళ్తుంది, రాడ్ లేచినప్పుడు తిరిగొస్తుంది.

నున్నటి రోడ్డు మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గతుకుల రోడ్డు మీద ఆగకుండా పోతే మాత్రం ఆ గాలి ఆయిల్‌లో చిలకబడి నురగవుతుంది. దానికి తోడు, పిస్టన్ జోరుగా కదిలినప్పుడు దాని వెనక వైపు పీడనం పడిపోతుంది. మొదట ఉన్నదే ఒక బార్, అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి పీడనమంత, అయితే, పడిపోవడానికి మిగిలేది కూడా ఆ ఒక్క బారే. అది దాటితే ఆయిల్‌లోంచి బుడగలు పుడతాయి. పిస్టన్ దిశ మారినప్పుడు ముందు ఆ బుడగలు నలగాలి, ఆ తర్వాతే ఆయిల్ అడ్డుకోవడం మొదలవుతుంది. అలా అయిన షాకును బల్ల మీద నిలబెట్టి చేత్తో పంపు కొట్టినట్టు కొడితే తెలిసిపోతుంది. దిశ మార్చిన ప్రతిసారీ రాడ్ కొంతదూరం ఊరికే జారి, తర్వాత టక్కున పట్టుకుంటుంది. రోడ్డు మీద ఆ ఊరికే జారిన క్షణంలోనే టైరు నేల వదిలేస్తుంది.

దీనికి విరుగుడు చూపించినవాడు ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియన్ బూర్సియే ద కార్బోన్. ఉన్నది ఒకటే గొట్టం. అడుగున అధిక పీడనంతో నైట్రోజన్, దానికీ ఆయిల్‌కీ మధ్య రాడ్ లేని ఒక తేలే పిస్టన్. రాడ్ దిగినప్పుడు గ్యాస్ కొంచెం నలిగి చోటిస్తుంది. గ్యాస్, ఆయిల్ అసలు కలవవు కాబట్టి చిలికే ప్రశ్నే లేదు. పీడనం సుమారు 25 బార్లు ఉంటుంది కనుక మామూలు వాడకంలో పిస్టన్ వెనక పీడనం పడిపోయినా బుడగ పుట్టేంత దూరం రాదు. మూత బిగించిన సోడా సీసాలో బుడగలు కనిపించకపోవడం లాంటిదే ఇదీ. జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ ఈ రకాన్ని తీసుకుని 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు అందించింది. ఒకే గొట్టం కావడం వల్ల వేడి నేరుగా బయటికి పోతుంది, తలకిందులుగా బిగించినా పనిచేస్తుంది.

చిక్కులు లేకపోలేదు. రాయి తగిలి గొట్టం సొట్టపోతే పిస్టన్ ఇరుక్కుంటుంది, సీలు మీద భారం ఎక్కువ, ధరా ఎక్కువే. అందుకే తర్వాత మధ్యే మార్గం వచ్చింది. పాత రెండు గొట్టాల షాకులోనే గాలి తీసేసి తక్కువ పీడనంతో నైట్రోజన్ నింపడం. మామూలు కార్లలో గ్యాస్ షాకులంటే ఎక్కువగా ఇవే. ఇందులో గ్యాస్, ఆయిల్ ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి కాబట్టి నురగ తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

నైట్రోజనే ఎందుకంటే అందులో తేమ ఉండదు, ఆయిల్‌తో చర్య జరపదు. అంతకుమించి మహిమేమీ లేదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. 1955 నాటి ఫ్రెంచి కారు సిట్రోయెన్ డీఎస్‌లో అయితే నైట్రోజనే నిజంగా స్ప్రింగు పని చేసింది. దిండు మాట దానికి చెల్లుతుంది. మన గ్యాస్ షాకులో అయితే 25 బార్ల గ్యాస్ 12 మిల్లీమీటర్ల రాడ్‌ను నెట్టే బలం దాదాపు 29 కిలోలు. కారు బరువు ముందు అదెంత?

ఆ నెట్టుడు పరీక్షకు మాత్రం పనికొస్తుంది. విప్పిన గ్యాస్ షాకు రాడ్‌ను లోపలికి నొక్కి వదిలితే దానంతటదే నెమ్మదిగా బయటికి రావాలి. నొక్కిన చోటే ఉండిపోతే, పైన ఒక్క చుక్క ఆయిల్ కారకపోయినా, గ్యాస్ ఎప్పుడో పోయినట్టే.