పోస్టాఫీసు మెడలో 2006 గుదిబండ

అమెరికా పోస్టాఫీసు డబ్బుల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. సెప్టెంబరు 30తో ముగిసిన 2025 ఆర్థిక సంవత్సరంలో నష్టం 9 బిలియన్ డాలర్లు. 2025 జులైలో పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా, అంటే పోస్టాఫీసు పెద్దగా, వచ్చిన డేవిడ్ స్టైనర్ అప్పు పరిమితి పెంచాలంటున్నారు. ఆ మాట రాగానే విమర్శకులు 2020 లెక్కలు బయటికి తీస్తున్నారు. కోవిడ్ టైములో అప్పుగా ఇచ్చిన 10 బిలియన్ డాలర్లు ఎందుకు మాఫీ చేశారు, ఇంకా ఎన్నాళ్లు పోస్తూ ఉండాలి అని.

దీనికి జవాబు 2020లో దొరకదు. పార్సిల్ ధరల మీద ట్రంప్‌కీ అమెజాన్‌కీ పడకపోవడంలోనూ దొరకదు. 2006 డిసెంబరులో వెతకాలి.

మొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర్నుంచి ఎత్తుకోనక్కర్లేదు గానీ ఒక్క సంగతి తెలిసుండాలి. మన దగ్గర పోస్టల్ అంటే కేంద్ర ప్రభుత్వ శాఖ, లోటొస్తే కేంద్ర బడ్జెట్ భరిస్తుంది. అమెరికాలో 1970 మార్చిలో పెద్ద పోస్టల్ సమ్మె జరిగాక, నిక్సన్ హయాంలో దాన్ని మంత్రివర్గం కిందినుంచి తప్పించి విడి సంస్థ చేశారు. స్టాంపుల మీద, పార్సిళ్ల మీద వచ్చే డబ్బుతోనే బతకాలి. 1980ల మొదట్నుంచీ రోజువారీ నిర్వహణకు పన్నుల సొమ్ము లేదు. అలాగని ఊరవతల ఒంటరి ఇంటికి ఉత్తరం ఇవ్వనంటే కుదరదు. బాధ్యత సర్కారుది, లెక్క కంపెనీది.

ఇప్పుడు అసలు కథ. 2002లో ఓ చిత్రం బయటపడింది. పోస్టల్ సర్వీసు తన ఉద్యోగుల పెన్షన్ నిధికి కట్టాల్సినదానికన్నా చాలా ఎక్కువ కడుతోందని తేలింది. 2003లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఆ వాయిదాలు తగ్గించింది. కానీ వచ్చే డబ్బు తగ్గిపోతే కేంద్ర ఖజానా ఊరుకుంటుందా? రెండు మెలికలు పెట్టారు. 2006 నుంచి మిగిలే సొమ్మును పోస్టాఫీసు వాడుకోకుండా పక్కన పెట్టాలి. పైగా ఉద్యోగుల్లో ఒకప్పుడు సైన్యంలో చేసినవాళ్ల ఆ సర్వీసు తాలూకు పెన్షన్ ఖర్చు కూడా పోస్టాఫీసే భరించాలి. అది దాదాపు 27 బిలియన్లు. సైన్యంలో చేసిన నౌకరీకి పెన్షన్ ఉత్తరాల మీద వసూలు చేయడమన్నమాట.

ఈ రెండూ తీసేయమని పోస్టల్ సర్వీసు మూడేళ్లు మొత్తుకుంది. 2006 చట్టంలో తీసేశారు కూడా. అయితే తీసేస్తే కేంద్ర బడ్జెట్‌లో గొయ్యి పడుతుంది. పోస్టాఫీసు ఖాతా బడ్జెట్‌కి బయట ఉంటుంది, రిటైరైనవాళ్ల నిధి లోపల ఉంటుంది. బయటి ఖాతా నుంచి లోపలికి ఎంత డబ్బు వస్తే కాగితం మీద లోటు అంత తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ గొయ్యి పూడ్చడానికి దొరికిన మన్నే రిటైరయ్యాక ఇచ్చే ఆరోగ్య బీమా. ముందు ముందు అయ్యే ఆ ఖర్చు కోసం పదేళ్లపాటు, ఏడాదికి సుమారు 5.5 బిలియన్ డాలర్లు ఇప్పుడే కట్టాలన్నారు. ప్రభుత్వంలో ఇంకెవరికీ ఇంత గట్టి షెడ్యూలు లేదు. కాలం చెల్లబోతున్న కాంగ్రెస్, దిగువ సభలో మూజువాణి ఓటు, సెనేట్‌లో ఎవరూ కాదనలేదు. డిసెంబరు 20న బుష్ సంతకం పెట్టారు.

(ఇంకా పుట్టని ఉద్యోగుల కోసం కూడా కట్టించుకున్నారని సోషల్ మీడియాలో తెగ తిరిగింది. ఆలూ లేదు చూలూ లేదు సామెతకి బాగా అతుకుతుంది గానీ నిజం కాదు. అప్పటికే పనిచేస్తున్నవాళ్లు, రిటైరైనవాళ్ల లెక్కే. అయినా మోయలేనంత బరువే.)

ముహూర్తం కూడా అలా కుదిరింది. అమెరికా పోస్టాఫీసు చరిత్రలో అత్యధికంగా 213 బిలియన్ల ఉత్తరాలు, పార్సిళ్లు పంచిన సంవత్సరం 2006. అక్కణ్నుంచి జారుడే. 2008 మాంద్యం ఒకపక్క, ఈమెయిల్ బిల్లులు ఒకపక్క. ధరలు పెంచుకుందామంటే ద్రవ్యోల్బణం దాటి పెంచకూడదని అదే చట్టం కట్టేసింది. 2012 లెక్క ఒక్కటి చూస్తే చాలు. ఆ ఏడాది నష్టం 15.9 బిలియన్లు. అందులో 11.1 బిలియన్లు రెండేళ్ల ముందస్తు వాయిదాలే, అవీ కట్టలేక వదిలేసినవి. పోస్టాఫీసు దివాలా అన్న హెడ్డింగులకి మాత్రం ఈ తేడా పట్టలేదు. ఆ ఏడాదే 15 బిలియన్ల అప్పు పరిమితి కూడా నిండిపోయింది.

కోవిడ్ వచ్చేసరికి పరిస్థితి ఇది. చేతిలో డబ్బు అంతంతమాత్రం, అప్పు పుట్టే దారీ ఇరుకే, పద్నాలుగేళ్లుగా పడ్డ చెడ్డపేరు మాత్రం ఉంది. 2020 మార్చిలో తెచ్చిన సహాయ చట్టంలో 13 బిలియన్ల గ్రాంటు ఇద్దామని రెండు పార్టీలవాళ్లూ అనుకున్నారు. ట్రెజరీ (ఆర్థిక) శాఖ అడ్డుపడింది. చివరికి 10 బిలియన్ల లోన్ మిగిలింది. అదే చట్టంలో విమాన సంస్థల జీతాలకి 32 బిలియన్లు ఇచ్చారు, అందులో ఎక్కువ భాగం తిరిగి కట్టక్కర్లేనిదే. ఏప్రిల్‌లో అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ మేగన్ బ్రెనన్ సెప్టెంబరు ఆఖరుకి డబ్బు అయిపోవచ్చని కాంగ్రెస్‌కి చెప్పి, మొత్తం 75 బిలియన్ల ప్యాకేజీ అడిగారు. అదే నెలలో ట్రంప్ పోస్టాఫీసును ఓ జోక్ అని కొట్టిపారేసి, పార్సిల్ ధరలు నాలుగింతలు చేయమన్నారు. జులైలో లోన్ షరతులు తేలాయి. పోస్టాఫీసు తన పెద్ద కస్టమర్లతో చేసుకున్న పది అతిపెద్ద ఒప్పందాల కాపీలు ట్రెజరీకి చూపించాలి. వడ్డీ వ్యాపారి ఇంట్లో సామాన్లు లెక్కపెట్టినట్టు.

అప్పటికే కొత్త పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా లూయీ డిజాయ్ వచ్చారు. ఓవర్‌టైమ్ కోతలు, సార్టింగ్ మెషీన్లు విప్పేయడం, వీధుల్లో నీలం పోస్టు డబ్బాలు ఎత్తుకుపోవడం, ఆ ఫొటోలు అందరూ చూసినవే. మనవాళ్లకి ఆ వేసవి ఇంకోరకంగా గుర్తుంటుంది. ఎడిసన్‌లోనో డల్లాస్‌లోనో ఈఏడీ కార్డు (పనిచేసే అనుమతి) కోసం, గ్రీన్‌కార్డు కోసం చూసేవాళ్లు పొద్దున్నే ఫోన్‌లో ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ మెయిల్ తెరుస్తారు. ఆ రోజు రాబోయే కవర్ల ఫొటోలుంటాయందులో. కరెంటు బిల్లు, పిజ్జా కూపన్లు, దంతాల డాక్టరు కార్డు. ఇమిగ్రేషన్ ఆఫీసు కవరు కనపడేదాకా టెన్షనే. ఫొటోలో కనపడ్డ కవరు డబ్బాలోకి రాకపోతే ఇంకో టెన్షన్. మాజీ సైనికుల శాఖ ఇచ్చే మందుల్లో సుమారు 80 శాతం పోస్టులోనే వెళ్తాయని కూడా చాలామందికి అప్పుడే తెలిసింది.

ఆగస్టు 22న దిగువ సభ 257-150తో 25 బిలియన్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 26 మంది రిపబ్లికన్లు కూడా కలిశారు. సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. డిసెంబరు ఆఖర్లో వచ్చిన పెద్ద బడ్జెట్ చట్టంలో ఓ మూల, ఆ 10 బిలియన్లు తిరిగి కట్టక్కర్లేదని రాశారు. మాఫీ అంటున్నది దీన్నే. మార్చిలోనే గ్రాంటుగా ఇచ్చుంటే ఆ మాట పుట్టేదే కాదు.

విమర్శకుల వాదన కూడా చెప్పాలి. సెప్టెంబరుకి డబ్బు అయిపోలేదు. జనం ఇంట్లో కూర్చుని తెప్పించుకున్న పార్సిళ్లతో 2020 ఆదాయం 73 బిలియన్లు దాటింది, ముందు ఏడాదికన్నా ఎక్కువే. నష్టం మాత్రం 9.2 బిలియన్లు.

2022 ఏప్రిల్‌లో బైడెన్ సంతకంతో ఆ ముందస్తు వాయిదాలు రద్దయ్యాయి, 57 బిలియన్ల బకాయి కొట్టేశారు. సెనేట్‌లో 79 మంది ఓటేశారు. మెడలో గుదిబండ ఉందని పదహారేళ్లకి రెండు పార్టీలూ ఒప్పుకున్నట్టే. ఆ ఏడాది పుస్తకాల్లో 56 బిలియన్ల లాభం కనపడింది, అదీ కాగితం మీదే. మర్నాడు మళ్లీ మామూలే: 2023లో నష్టం 6.5 బిలియన్లు, 2024లో 9.5, 2025లో 9. చట్టం మార్చినా బాగుపడలేదంటున్నారు. నిజమే. కానీ పెన్షన్ వాయిదాలు ఇంకా ఉన్నాయి, వారానికి ఆరు రోజులు 16 కోట్లకు పైగా చిరునామాలకు తిరగడమూ ఉంది, పాత మెషీన్లు మార్చుకోవాల్సిన కాలంలో ఆ డబ్బంతా ఎటు పోయిందో పైన చూశాం.

స్టైనర్ పెంచమంటున్న అప్పు పరిమితి ఆ 15 బిలియన్లే. 1992 నుంచీ అదే అంకె. అప్పుడు ఉత్తరం మీద అంటించే స్టాంపు 29 సెంట్లు. 2025 జులైలో అది 78 అయింది.