తన విషం తనకు ఎక్కదా? అపోహలు - వాస్తవాలు

మట్టిలో బతికే స్ట్రెప్టోమైసెస్ బ్యాక్టీరియా మా ల్యాబ్‌లో రోజూ చేతిలో ఉండేవే. మనం వాడే యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి పుట్టిల్లు ఈ జాతే. వీటి గురించి తరచూ వినే కొన్ని మాటలు సరిచేయాలనిపించి రాస్తున్నాను.

అపోహ: బ్యాక్టీరియా తాను తయారుచేసే మందు తనమీద పనిచేయదు.

వాస్తవం: అడ్డుకోకపోతే పనిచేస్తుంది. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వెలికితీసిన స్ట్రెప్టోమైసెస్ గ్రైసియస్‌నే చూడండి. ఆ మందు దెబ్బతీసేది ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌ని. గ్రైసియస్ కణాలను పగలగొట్టి రైబోజోమ్‌లను వేరుచేసి పరీక్షిస్తే, అవీ ఈ మందుకు లొంగిపోతాయి.

మరి ఎలా బతుకుతోంది? కణం లోపల తయారయ్యే మందుకు ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క తగిలించి ఉంటుంది. అది ఉన్నంతసేపూ మందు ఒరలో కత్తే. కణం బయటికి చేరాక వేరే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను తెంపేస్తుంది. తిరిగి లోపలికి వచ్చిన కాస్త మందుకు మళ్లీ ఫాస్ఫేట్ పడుతుంది. నాకు మరీ నచ్చేది ఇంకొకటి: తయారీని మొదలుపెట్టించే జన్యువు పక్కనే ఫాస్ఫేట్ తగిలించే ఈ రక్షణ జన్యువు ఉంటుంది, రెండూ కలిసే పనిలోకి దిగుతాయి.

అపోహ: అన్నింటిదీ ఇదే పద్ధతి.

వాస్తవం: కాదు. ఎరిత్రోమైసిన్ చేసే బ్యాక్టీరియా తన రైబోజోమ్‌లో మందు అతుక్కునే చోట మిథైల్ అనే చిన్న రసాయన ముక్కను చేర్చుకుంటుంది. వాంకోమైసిన్ చేసేది కణగోడ ముడిసరుకు చివరి ముక్కనే మార్చేసుకుంటుంది. మందును బయటికి తోసే పంపులు సరేసరి. ఆక్సిటెట్రాసైక్లిన్ చేసేదానికైతే పంపూ ఉంది, రైబోజోమ్‌ను కాపాడే ప్రోటీనూ ఉంది.

అపోహ: మందులను తట్టుకునే శక్తి (నిరోధకత) మనం మందులు వాడటం మొదలుపెట్టాకే పుట్టింది.

వాస్తవం: కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలోనూ నిరోధక జన్యువులు దొరికాయని 2011లో తేలింది. 1980ల చివర్లో ఆసుపత్రుల్లో వాంకోమైసిన్‌ను తట్టుకున్న ఎంటెరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియాలో కనిపించిన మూడు కీలక జన్యువులకు దగ్గరి చుట్టాలు ఆ మందు తయారుచేసే బ్యాక్టీరియాలోనూ ఉన్నాయి, అదే వరుసలో. జన్యువులు పాతవే. వాటితో మందులను తట్టుకోగల క్రిములకు విపరీతంగా మేలు చేసింది మాత్రం మన విచ్చలవిడి వాడకమే.

అపోహ: ఈ రక్షణ జన్యువులతో మనకు నష్టమే తప్ప లాభం లేదు.

వాస్తవం: కొత్త మందులు వెతకడానికి ఇవే ఆనవాళ్లు. నోవోబయోసిన్ చేసే బ్యాక్టీరియాలో ఆ మందు దెబ్బతీసే గైరేజ్ (డీఎన్ఏ మెలికలను సరిచేసే) ఎంజైమ్‌కు మందుకు లొంగని ఇంకో రకం ఉంటుంది, దాని జన్యువు తయారీ జన్యువుల గుంపును ఆనుకునే ఉంటుంది. అందుకే కొత్త బ్యాక్టీరియా జీనోమ్‌లో (మొత్తం జన్యు సమాచారంలో) ఇలాంటి గుంపు పక్కన ఏదైనా కీలక జన్యువుకు అదనపు ప్రతి కనిపిస్తే, ఆ గుంపు తయారుచేసే మందు దెబ్బ ఎక్కడ పడుతుందో, మందును చేతితో తాకకముందే ఊహించగలుగుతున్నాం.